బకెట్టు

నాలుగు బొమ్మలు పరిచింది బల్ల మీద, పట్నం నుంచి వచ్చిన మేడమ్.
సబ్బు. తువ్వాలు. తెల్లటి స్నానాల తొట్టి. బకెట్టు.
"వీటిలో జత కానిదేది?"

సాబీనాకు ఆరేళ్లు నిండి పదకొండు రోజులు.
చేతులు రెండూ తొడల కింద దాచుకుంది
గోళ్లలో మన్ను కనబడకూడదని.
కిటికీ అవతల తాత్రా కొండల మీద మంచు.
చాలాసేపు చూసి, చూసి,
గడ్డంతో తొట్టిని చూపించింది.

తప్పు.
సున్నా చుట్టడానికి ఎంతసేపు.

నేను గోడవారన కుర్చీలో.
సహాయకురాలిని.
పిల్ల ఏడిస్తే ముక్కు తుడవాలి,
పరీక్ష జరుగుతుంటే నోరు మెదపకూడదు.
లేచి చెప్పాలనిపించింది:
వాగు అవతల మా రోమా వాడలో
అరవై ఇళ్లకు ఒక్కటే కుళాయి మేడమ్,
చలికి అది బిగుసుకుపోతే గుడ్డలు చుట్టి నిప్పంటిస్తాం.
మాకు స్నానమంటే బకెట్టే.
తొట్టిని ఈ పిల్ల ఒక్కసారే చూసింది,
ఎవరో పారేస్తే వాళ్ల మామయ్య అందులో కట్టెలు మోసుకొచ్చాడు.
జత కానిది తొట్టే.

"మనం దేని మీద నడుస్తాం?" స్లోవాక్‌లో తర్వాతి ప్రశ్న.
ఫువ్, అంది సాబీనా
నాకు మాత్రమే వినబడేంత.
ఎన్ని దేశాల్లో తన్నులు తిని
మా నోళ్లలో దాక్కుని వచ్చిన మాట, నేల అని.
మేడమ్‌కి అది దగ్గు.

నాకూ ఉండేది ఇలాంటి బల్ల.
మా అమ్మ జొలానా చేత కాగితం మీద గీతలు గీయించారు,
ప్రత్యేక బడి, మధ్యాహ్నం వేడి సూపు ఉచితం అని.
అమ్మకు అక్షరం తెలియదు, సూపు వాసన తెలుసు.
తలరాత అంటారే, మూడు గీతల పొడవు అది.
పద్నాలుగేళ్లొచ్చేదాకా పూసలు గుచ్చాను.
ఎర్రది, పచ్చది, ఎర్రది, పచ్చది.
పది దాకా నేర్పారు. పదకొండు ఎవరూ చెప్పలేదు.
నేనే కనుక్కున్నాను, మాంసం కొట్టువాడు చిల్లర తక్కువిచ్చినప్పుడు.
ముప్పై రెండో ఏట రాత్రిబడిలో
ఎక్స్ విలువ కనుక్కోమంటే
బస్సులో ఇంటిదాకా ఏడ్చాను,
ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

మేడమ్ చెడ్డది కాదు. అదీ చెప్పాలి.
బూట్లు తడిసి, ముక్కు ఎర్రబడి,
పొద్దుటి నుంచి ఎనిమిదో పిల్ల.
సాబీనాకు చాక్లెట్ కూడా ఇచ్చింది.
"మీ భాషలో ఈ పరీక్ష కాగితం లేదమ్మా, నేనేం చేయను?"
"కాగితం లేకపోతే నేనున్నాను"
అన్నాను. నా గొంతు నాకే కొత్త.
రూలు ఒప్పుకోదంది.
మిగతా పిల్లల కోసం రేపూ వస్తానంది.

మర్నాడు సాబీనా చెయ్యి ఒక చేత్తో,
బకెట్టు ఒక చేత్తో పట్టుకుని వెళ్లాను.
బొమ్మ కాదు. నీలంది, పిడి విరిగితే తీగ చుట్టినది,
నిండా మా కుళాయి నీళ్లు.
బల్ల మీద పెడితే కాగితాల మీద ఒలికింది.
క్షమించమనలేదు.
"ఇదేంటి, సాబీనా?"
మా మాటలోనే అడిగాను.

చేతులు తొడల కింద నుంచి బయటికొచ్చాయి.
శనివారం అమ్మ నీళ్లు కాస్తుందట,
ముందు తమ్ముడు, తర్వాత తను, ఆఖరికి నాన్న,
అవే నీళ్లతో గడప కడుగుతారట,
అది గడ్డకడితే అందరూ జారతారట,
ఒకసారి పిల్లి జారిందట, తోకతో సహా.
ఒక్కో మాటా స్లోవాక్‌లోకి మోస్తున్నాను.
పిల్లి దగ్గర మేడమ్ నవ్వింది.
నవ్వు ఆపి, నిన్నటి కాగితం బయటికి తీసింది.
ఏం రాసిందో నాకు కనబడలేదు.
ఫలితం ఏప్రిల్లోనట.

తిరిగి వచ్చేటప్పుడు తనే మోస్తానని పేచీ.
సగం నీళ్లు నడవా పొడుగునా.
ఊడ్చే ఆవిడ తిట్లు వెనక నుంచి వస్తూనే ఉన్నాయి.
సాబీనాకు పట్టలేదు, అడుగులు లెక్కపెడుతోంది,
యేఖ్, దుయ్, త్రిన్...
పది దగ్గర ఆగి
నా మొహం వైపు చూసింది.

దెషుయేఖ్, అన్నాను.