రెండు వేళ్ల సందు

టైరుకీ మడ్‌గార్డుకీ నడుమ
మొన్నటిదాకా పిడికిలి పట్టేది.
శనివారం ఓరన్ కొత్త స్ప్రింగులు బిగించాడు,
ఎర్రవి, పొట్టివి.
పాతవాటిని నొక్కిపట్టి ఊడదీస్తున్నంతసేపూ
తల పక్కకి తిప్పుకునే ఉన్నాడు.
జారితే దవడ మిగలదు.

ఇప్పుడు రెండు వేళ్లు.
డింఫ్నా ఎక్కితే ఒకటిన్నర.
ఏడో నెల.

డొనెగాల్ వాన. ఆసుపత్రి గేటు ముందు
స్పీడ్ బ్రేకర్.
కారు ఆగింది.
"పాతవి షెడ్డులోనే ఉన్నాయి," నసిగాడు,
"రేపు మళ్లీ..."
"నీ మొహం. బాగుంది కారు,
నేలని వాసన చూస్తున్న కుక్కలా."
తలుపు అంచు పట్టుకుని
రెండు విడతలుగా లేచింది.

పొట్ట కింద చేయి వేసుకుని
ఆమె మిట్ట దాటుతోంది.
పక్కనే, ఏటవాలుగా,
ఒక్కో చక్రమే ఎక్కిస్తూ అతను.
గీరుకునే చప్పుడు కోసం
ఇద్దరూ
చెవులు రిక్కించి.