దబ్బనం లోతు

వనపర్తి పాత బస్టాండు ఎనక
పడమటి గోడకు స్వెట్టర్ తొడిగిన ఇల్లు ఒక్కటే,
మేర అండాలు ఇల్లు.
ఆమె మిషన్ ఆ గోడకే ఆనుకొని ఉంటది.
రోహిణి కార్తెల ఇస్త్రిపెట్టె ఏదో గోడ ఏదో
చేతికి తెల్వకపోయేదంట.

కోల్డ్ స్టోరేజీల పనిచేసే మేనల్లుడు వచ్చి
నాలుగంగుళాల ధర్మాకోల్ షీట్లు బయట అతికించి
జాలి పరిచి, పైన పూత పూసి
బాదంరంగు ఏసి పోయిండు.
ఎండకాలం గోడకు చలిజెరమొచ్చిందా అని
గల్లీ అంత నవ్వింది.
నేను గూడ నవ్విన.

బోర్డు బిగించనీకె నన్నే పిలిచింది.
"అండాలు లేడీస్ టైలర్, ఫాల్ పీకో చేయబడును."
రేకు బోర్డు, ఇనుప చట్రం, పదకొండు కిలోలు.
ఇరవై ఏండ్ల సంది డ్రిల్లు పట్టిన చెయ్యి నాది.
ఎన్నల దిగినట్టు దిగింది బిట్టు.
సంబురపడ్డ.
అనుమానపడాల్సింది అక్కడ్నే.
నాలుగు గిట్టీలు, నాలుగు స్క్రూలు,
మూడు వందలు జేబులేసుకొని పోయిన.

మూడో నాడు గాలిదుమారం.
బోర్డు మోరిల పడ్డది.
గోడకు పాలపండ్లు ఊడినట్టు నాలుగు బొక్కలు,
వాటి నుంచి సగ్గుబియ్యం లెక్క
తెల్లటి గింజలు రాలుతున్నయి.

తిడుతదనుకున్న.
"డ్రిల్లు తేకు, ఉత్త చేతులతోని రా" అన్నది ఫోన్‌ల.

పోయేసరికి గోనెసంచులు కుట్టే దబ్బనం పట్టుకొని
బొక్క ముందర నిలబడి ఉన్నది.
లోపలికి తోసింది. పోయింది. ఇంకా పోయింది.
టక్కుమన్నది.
గోడ అంచుకాడ దబ్బనం మీద సుద్దతో గీత గీసి
బయటికి గుంజి, మెడల టేపు తీసి కొలిచింది.
"నాలుగున్నర.
ఇటుక మొదలయ్యేది ఈడ.
నీ స్క్రూ ఎంత?"
మూడు అన్న, నేల చూసుకుంట.
"నువ్వు గోడకు కొట్టలే బిడ్డా,
గోడ తొడుక్కున్న అంగికి కొట్టినవ్."

దండెం మీది కోటు తెచ్చి గుండీ చూపెట్టింది.
పై గుడ్డకే కుడితే గుడ్డ చినుగుతది,
లోపలి పట్టీ దాకా సూది పోవాలె.
గట్టిగ గుంజి కుడితే ముడత పడ్తది,
గుండీ కింద దారంతోని చిన్న మెడ కట్టాలె.
నా పని నాకు ఆమె కోటు మీద అర్థమైంది.

పాలమూరు పోయి ఎనిమిదంగుళాల రాడ్లు తెచ్చిన.
ముందు పూత పెళపెళ.
తర్వాత ఏం లేదు, ఉత్త మెత్తదనం.
ఆ మెత్తదనంల చెయ్యి ఆగలే, నమ్మలే.
ఆఖరికి బిట్టు ఎంబడి ఎర్రటి ఇటుకపొడి వచ్చింది.
అప్పుడు ఊపిరి తీసుకున్న.
రాడ్డుకు ప్లాస్టిక్ పైపు ముక్క తొడిగిన,
నట్టు ఎంత తిప్పినా ధర్మాకోల్ నలగకుంట.
అది దారం మెడ.
ఎండ ఇనుము పట్టుకొని లోపలికి నడవకుంట
నైలాన్ బిళ్ళ,
వాన దిగకుంట చుట్టూ సిలికాన్.

"కుర్మన్నను ఏలాడమను" అన్నది.
అరవై కిలోల నా హెల్పరు
చట్రం పట్టుకొని కాళ్ళు ముడిచి ఏలాడిండు.
పక్కింటి పోరగాండ్లు చప్పట్లు కొట్టిండ్రు.
గోడ ఊఁ అనలే.

కూలి ఇచ్చింది,
పాత మూడు వందలు పట్టుకొని.
పట్టుకోవాలె మరి.

మొన్న మిట్టమధ్యాహ్నం అటు పోయిన,
అంగి భుజం కాడ పిగిలిందని.
ఆమె కుడుతుంటే నేను
లోపలి గోడ మీద అరచెయ్యి పెట్టి
నా నాలుగు రాడ్ల చోట్లు ఎతికిన,
పిల్లల నుదుటి మీద జెరం ఎతికినట్టు.
మూడు చోట్ల చల్లగ.
నాలుగోదాని కాడ జరంత గోరువెచ్చగ.
చెప్పాల్నా వద్దా అనుకుంట చెయ్యి తీసిన.

చెయ్యి కింద
ఎప్పుడో గీసిన సుద్దగీత ఉన్నది.