బదనిక

వేలూరుకు ఈయన కంటి పరీక్షకు పోయినప్పుడు
ఆస్పత్రి గేటు పక్కన ఫుట్‌పాతు మీద
నలభై రూపాయలకు కొన్నా ఈ పుస్తకం.
అట్ట మీద మంచు, ఎర్ర తలుపు,
వీపులు తిప్పుకొని నిలబడిన ఇద్దరు.
"చదివేదానికా, పొయ్యి రాజేసేదానికా?" అన్నాడు.
ఆ మాటతో మొదలైన మౌనం
కాట్పాడి దాటి, బస్సులో మా మధ్యనే కూర్చోని
గ్రీంస్‌పేట ఇంట్లో మాతోపాటే దిగింది.
ఈ పొద్దుకు పదకొండు రోజులు.

క్రిస్మస్‌కు ఇంగ రెండు రాత్రులు.
నిప్పట్ల పిండి కలిపి మూత పెట్టి,
రేకుల మీద చినుకులు పడతావుంటే
వేలు పెట్టుకొని ఒక్కో లైనూ చదువుతా.
ఇంగ్లీషు నాకు పరాయోళ్ల వంటిల్లు,
ఉప్పు యాడుందో ప్రతిసారీ వెతుక్కోవాల.

పుస్తకంలో పిల్లకు కేకుల అంగడి.
దాన్ని కొని పడగొట్టేదానికి
పట్నం నుంచి ఒకడొచ్చినాడు, పొడుగు కోటేసుకొని.
ముప్పయ్యో పేజీలో వాడి బూట్ల మీద పిండి కుమ్మరించింది.
డెబ్బయ్యో పేజీలో మంచుకు దారులు మూసుకపోతే
ఇద్దరికీ ఒకటే పొయ్యి.
నాకు నవ్వొచ్చింది.
ఒకటే పొయ్యి కాడ ఇరవై రెండేండ్లు
కాపురం చేసి చూడమను.

పగోళ్లు ప్రేమికులయ్యేదానికి
వాళ్లకు మూడొందల పేజీలు.
మేము తిరగేసి చదివినోళ్లం.
ఆఖరి పేజీతో మొదలుపెట్టినాం:
రిజిస్ట్రారు ఆఫీసు, రెండు దండలు,
మా నాయన చేతిలో కొడవలి, వాళ్లమ్మ శాపాలు,
పాకాల స్టేషన్లో ఇద్దరికీ ఒక దుప్పటి.
అక్కడినుంచి వెనక్కి, వెనక్కి,
కరెంటు బిల్లు దాకా,
పులుసులో ఉప్పు దాకా,
నక్షత్రం వైరు కిటికీలోంచి లాగాలా
తలుపు మీదుగానా అనే దాకా.

నూట నలభయ్యో పేజీలో ఎవరిదో మందుల చీటీ.
నాకంటే ముందు చదివినోళ్లు ఈడనే ఆగినారు.
బాగై ఇంటికి పోయినారో,
ఎట్ల పోయినారో.
ఆ పేజీలోనే
మిస్టిల్‌టో కింద నిలబడినారంట వాళ్లిద్దరూ.
దాని కింద నిలబడితే ముద్దు పెట్టుకోవాలంట, ఆచారమంట.
ఊరి పేరేమో అనుకున్నా.
పక్కన చిన్న బొమ్మ ఉండాది:
దళసరి ఆకులు, తెల్లటి కాయలు.

అడగాలంటే ఈయన్నే అడగాల.
మామిడి నర్సరీలో పనిచేసే మనిషి,
చీకట్లో ఆకు నలిపి వాసన చూసి
బెంగుళూరానో నీలమో చెప్పేస్తాడు.
మాట్లాడకుండా మంచం మీద పుస్తకం పెట్టి
బొమ్మ మీద వేలు పెట్టినా.
కొత్త కళ్లద్దాలు తగిలించుకున్నాడు.
చానాసేపు చూసినాడు.
"ఇది బదనిక కదా.
నేలలో వేరుండదు దీనికి.
పిట్ట రెట్టతో కొమ్మ మీద పడి
చెట్టు రసం తాగి బతుకుతాది.
నరికినా మళ్లా వస్తాది.
దీని కింద ఏం చేస్తారంట?"
చెప్పినా.
జ్ఞానశీలన్ అనే ఈ మనిషి
పదకొండు రోజుల తర్వాత నవ్వినాడు,
దగ్గొచ్చేదాకా నవ్వినాడు.
"అయితే మన తోటల్లో
ఎకరాకు నూరు ముద్దులు కోసి పారేస్తావుండాం."

మర్నాడు మాపటేళ
క్యారల్స్ పిల్లోళ్లు డోలక్కుతో వీధిలోకి రాకముందే
బైకు హ్యాండిలుకు కొమ్మ కట్టుకొని వచ్చినాడు.
"బొమ్మలోదీ ఇదీ ఒకటి కాదు, చుట్టాలు" అంటా
నక్షత్రం కొక్కేనికి పురికోసతో కట్టినాడు.
ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.
పక్కింటి మేక మెడ చాచి చూసింది.
ఎర్రపూలు రెండు నా చెప్పుల మీద రాలినాయి.

పుస్తకం మంచం మీద బోర్లా పడుండాది,
చీటీ ఉన్న చోటే.
బదనిక కింద నిలబడి
వైరు కిటికీలోంచా, తలుపు మీదుగానా అని
ఇంగో తూరి కొట్లాడుకున్నాం,
లోపల నూనెలో
నిప్పట్టు మాడిన వాసన వచ్చేదాకా.