చేతిలో ఒకటి

మార్కాపురంలో మూతపడ్డ పలకల షెడ్డు.
రంపం ఉన్న చోట ఇప్పుడు నా బల్ల,
బల్లమీద తపాలా బిళ్ళంత చిప్పు,
పక్కన ఒక ఎర్ర దీపం, వెలగనిది.

నాయన కాశింపీరా ముప్పయ్యేళ్ళు
బండని పొరలు పొరలుగా చీల్చినవాడు.
చిప్పుని గోటితో తట్టి చూశాడు.
"ఇదీ రాయేనా అమ్మే?"
ఇసక, నాయనా. బాగా కడిగిన ఇసక.
"అయితే దగ్గొస్తది" అన్నాడు
దగ్గుతూనే.

పాలిటెక్నిక్ ల్యాబుకి తాళం వేసి వచ్చాక
నేనిక్కడ ఒక ప్రాసెసర్ గీస్తాను.
పదహారంటే పదహారే ఆజ్ఞలు:
తెచ్చుకో, దాచుకో, కూడు, తియ్యి,
సున్నా అయితే దూకు...
గుణకారం లేదు. కావలసినవాళ్ళు
ఎక్కాలు రాని పిల్లల్లా
కూడుకుంటూ పోవాలి.
అరలు ఎనిమిది. మొదటి అరలో
ఏం పోసినా సున్నాయే,
మా వీధి కుళాయి లాంటి అర అది.

ఏసోబు బోరు మోటార్లకు టైమర్లు బిగిస్తాడు.
"బజార్లో దొరికేదానికి ఇంత గీతెందుకక్కా?"
దొరుకుతుంది. మూత విప్పనివ్వరు.
తర్లుపాడులో మోటారు కాలిన రాత్రి
తప్పెవరిదో ఆ డబ్బాని అడగలేకపోయామని
నువ్వే కదా చెప్పావు?
"అవుననుకో" అని
టీ గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళాడు.

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతుంది.
చిప్పు అంతా మరిచిపోతుంది.
పలక అలా కాదు. ఎంత తుడిచినా
ఎండకి వాలుగా పడితే
పోయినేటి అక్షరాలు తేలతాయి.
దీనికి ఆ మచ్చ కూడా ఉండదు.
కరెంటు రాగానే బలపం పట్టించి
ఓనమాల నుంచి దిద్దించాలి.

తొమ్మిది రాత్రులు ఒక తప్పు దొరకలేదు.
రెండు వందల యాభై అయిదుకి ఒకటి కలిపితే
కింది అర సున్నా అవుతోంది, సరే.
పై అర ఉలకదు, పలకదు.

నాయన మంచంమీంచి నా కాగితం లాక్కున్నాడు.
రెండో తరగతి చదువు. లెక్క మాత్రం
గ్రోసుల్లో పలకలు కట్టి నేర్చింది.
"తొమ్మిదీ ఒకటీ పది. సున్నా వేశావు.
చేతిలో ఒకటి యాడ పెట్టావమ్మే?"

యాడా పెట్టలేదు.
రెండు కూడికల నడుమ 'తెచ్చుకో' వస్తే
ఆ ఒకటి చెరిగిపోతోంది.
ఒక్క బిట్టు, దానికొక వాకిలి.
కూడేటప్పుడు, తీసేటప్పుడు తప్ప
తెరవొద్దని ఒక వరస రాశాను.
దీపం వెలిగింది.
చూపిద్దామంటే నాయన నిద్రపోయాడు.

పధ్నాలుగు వందల వరసలు.
అన్నీ తాళం లేకుండా బయటపెట్టాను.
"ఎవడన్నా మార్చేస్తే?" ఏసోబు బెంగ.
నాయన మాత్రం నవ్వాడు:
"పలక అమ్మేటప్పుడు మేం అడిగామంట్రా,
దానిమీద ఏం రాస్తావని?"

నెలకి పామూరు నుంచి తనూజ అనే పిల్ల
నా పదహారులో మూడు కొట్టేసి పంపింది.
"ఇవి లేకపోయినా నడుస్తుంది."
రెండు రోజులు నేను అన్నం సరిగా తినలేదు.
మూడో రోజు కూర్చుని చూస్తే
రెండింటి సంగతి నిజమే.
మూడోదాని గురించి
ఇంకా పోట్లాడుతున్నాం.