ఈదన్న పనులు

ఎర్రగొండపాలెం బస్టాండులో టీ గ్లాసు కింద పెట్టి
మా కొత్త బూట్లు చూసి నవ్వాడు దాసరి ఈదన్న.
"నాలుగు రోజులు, ఐదు పెంటలు.
నాకు ముందర పోబాకండి, మరీ ఎనకా పడబాకండి."
ఒప్పందమంటే అంతే.
పెంట అనగానే సుభాషిణి నవ్వాపుకుంది.
"మీకు చెత్త. మాకు ఊరు"
కోపం లేకుండా చెప్పి లేచాడు.

డబ్బులు మేనల్లుడి ఖాతాకి కొట్టమన్నాడు.
తన ఖాతా తనకుంది
వేలిముద్రే పడదు,
తేనెతాళ్ళు ఎప్పుడో గీతలన్నీ తినేశాయి.

మొదటి ఎక్కుడుకే ఊపిరి గొంతులో చిక్కుకుంది.
ఇంకా ఎంత దూరమన్నా?
"రెండు చుట్టలంత."
మాఘం ఎండకి బోద పెళపెళమంటోంది,
అడవిలో నిప్పు కూడదని
చుట్ట చెవిమీంచి తియ్యనే లేదు.
ఆ దూరమెంతో మాకిప్పటికీ తేలలేదు.

ఈతగుండంలో జేబులోంచి బిళ్ళల అట్ట తీసి
ఒక ముసలమ్మ చేతిలో పెట్టాడు.
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి,
పొద్దంటే కోడి కూసినప్పుడు కాదు, తిన్నాక.
నక్కెర్లపెంటలో సంచి అడుగునుంచి
పిల్లదాని చెప్పులు, కాస్త పెద్దవే,
"వానలకి సరిపోతాయిలే."
జలపాతం చూపిస్తాడనుకున్న మలుపులో
జలపాతాన్ని కుడిచేతికి వదిలేసి
కొండ చుట్టూ తిప్పి ఒక గుడిసె ముందు కూచోబెట్టాడు.
లోపల పెళ్ళిమాటలు.
బయట మేము, ఒక కుక్క, సారపప్పు ఎండేసిన చేట.

ఆ రాత్రి గెణుసుగడ్డ పొట్టు తీస్తూ
ఖాదర్ మస్తాన్ లెక్క తేల్చాడు,
ముప్పయ్యేళ్ళు సొసైటీలో పద్దులు రాసిన మనిషి:
"మనకి చూపించే చోట్లు కావబ్బా ఇవి,
ఆయన చెప్పి రావాల్సిన కబుర్లు.
మనం కూలికొచ్చాం, కూలి ఎదురిచ్చి."
మూడో రోజుకి
నా సంచిలో ఎవరిదో దగ్గుమందు,
మాలకొండయ్య చంకలో కాళ్ళు కట్టిన పుంజు,
ఫోనులో మాత్రం అంతా పచ్చరంగు,
ఒక్క గీతైనా లేదు.

ఆ మధ్యాహ్నం కొండచరియ అంచున ఆగాం.
కింద, రాతి చంకలో, ఏనుగు చెవంత తేనెపట్టు.
భుజాన తాడు ఉంది, పొగకి ఆకు ఉంది.
తాడు పైన పట్టేవాడు బామ్మర్దే కావాలి,
అక్క పసుపుతాడు గుర్తుంటుంది గనక
వాడి చెయ్యి జారదట.
ఆ బామ్మర్ది పదిరోజులుగా జ్వరంతో
మార్కాపురం ఆసుపత్రిలో.
ఈదన్న తాడు వంక చూశాడు,
మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు.
మస్తాన్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు కూడా.
"మంచోళ్ళే మీరు" అని
తాడు మళ్ళీ చుట్టలు చుట్టి భుజాన వేసుకున్నాడు.
చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
ఈగల హోరు మాత్రం
మేం దిగిపోయాక కూడా చెవుల్లోనే ఉండిపోయింది.

నాలుగో రోజు దోర్నాల రోడ్డు కనపడ్డచోట
ఆయన భార్య అంకమ్మ కాసుకుని నిలబడి ఉంది,
తెల్లారకముందే అడ్డదారిన దిగిందట.
పాత గుడ్డలో మూట, ఇంకా వెచ్చగా.
"తమ్ముడికి. ఆరో నెంబరు మంచం.
ఆసుపత్రి ఇడ్లీ సయించదు వాడికి."
ఈదన్న అప్పటికే వెనక్కి తిరిగాడు,
రేపు ఇంకో జట్టు ఉంది.
మూట ఎవరికివ్వాలో ఆమెకీ తెలీదు.
దగ్గరగా ఉన్నానని నాకిచ్చింది.

బస్సులో దాన్ని పైన పెట్టలేదు.
మార్కాపురంలో నేనొక్కణ్ణే దిగాను,
ముగ్గురూ ఒంగోలు దాకా నిద్రపోతారు.
ముడి వదులైతే రెండుసార్లు బిగించాను,
ఆమె వేసినట్టు రాలేదు.

ఆరో నెంబరు మంచం ఎటండీ?
నర్సమ్మ రిజిస్టరు మీంచి తలెత్తి
మూటని చూసింది, బూట్లకంటిన ఎర్రమట్టిని చూసింది.
"పేషెంటుకి మీరేమవుతారు?"