నాలుగు శాతం అటూ ఇటూ

వాటర్లూలో, మూతపడ్డ చెప్పుల కొట్టు మీది గదిలో
పదకొండు ఫోన్లు, ఒక హీటరు.
ప్రతి గురువారం అదే ఆరువందల మంది,
అదే ప్రశ్న:
ఎన్నిక ఇవాళే అయితే ఎవరికేస్తారు?

"ఇవాళ కాదుగా" అంటుంది మార్లిస్ ఓకర్‌లండ్,
స్కూలు బస్సు డ్రైవరు, అరవై మూడేళ్లు.

మొదటి వారం గవర్నరు. గొంతు బాగుందట.
రెండో వారం సెనేటరమ్మ.
టీవీలో గవర్నరు మొక్కజొన్న కంకిని
మైకులా పట్టుకోవడం చూసిందట.
"జన్మలో ఒక్క కంకైనా ఒలిచాడా?"
మూడో వారం మంచు.
బస్సు గుంటలో దిగబడింది,
ఆ సాయంత్రం ఆమెకి ఏ మనిషీ నచ్చలేదు.
గోడ మీది పిల్లుల గడిలో టిక్కు పెట్టాను.

రాత్రి తెర మీద గవర్నరు మూడు దిగాడు.
బూడిదరంగు కోటాయన వేలితో గీత లాగి
అయోవా మనసు మారిందన్నాడు.
చల్లారిన సూపు కలుపుకుంటూ
అయోవా కాదు బాబూ, కంకి, అన్నాను.
టీవీకి వినపడదు.

ఆఖరి గురువారం ఫోనెత్తి ఆయాసపడింది.
"ఇంజను వేడెక్కనివ్వాలి తల్లీ,
నీ ఇష్టం వచ్చింది రాసుకో" అని పెట్టేసింది.

పెట్టేసిన చప్పుడు చెవిలో ఉంది.
పక్క బల్ల మీద డార్నెల్ ఇంకెవరితోనో
అదే ప్రశ్న, అదే గొంతు.
మౌసు మీద వేలుంచి
చాలాసేపు కూర్చున్నాను.

ఆ రాత్రి గవర్నరు ఒకటెక్కాడు.
ఎందుకో కోటాయన
పది నిమిషాలు వివరించాడు.