గార

గ్యుమ్రీలో ఫిబ్రవరి. కిటికీ అద్దానికి
మంచు లోపలివైపే కట్టింది.
గెవోండ్ కుర్చీలో వాలి
రాతిపొడి దిగని చేతుల్ని ఎక్కడ పెట్టాలో తెలీక
ఒళ్ళో బోర్లించుకున్నాడు.
"యాపిల్ కొరికితే రక్తం, డాక్టరమ్మా.
పొద్దున లేస్తే నోట్లో తుప్పు రుచి.
మా ఆవిడ మొహం అటు తిప్పుకుని పడుకుంటోంది,
అంతకంటే ఏం చెప్పను."

సన్నటి కొలతపుల్లని చిగురు అంచున దించుతాను.
నేను చెబుతుంటే నాజెలీ రాసుకుంటుంది:
మూడు. మూడు. నాలుగు. ఆరు.
ఆరు. ఏడు, రక్తం.
ఎనిమిది.

ఎనిమిది దగ్గర ఆయన కళ్ళు తెరిచాడు.
ఈ ఊళ్ళో మా వయసువాళ్ళకి
పైకి లెక్కపెట్టే గొంతు పడదు.
భూమి ఊగిన ఆ డిసెంబరులో, రాళ్ళగుట్టల పక్కన,
ఇలాగే ఎవరో లెక్కపెట్టారు, ఎవరో రాసుకున్నారు.
మిగతా అంకెలు నాజెలీ చెవి దగ్గర చెప్పాను.

ఎక్స్‌రే వెలుతురుకి పట్టాను.
పళ్ళు గట్టివే, ఒక్క పుచ్చు లేదు.
వాటిని పట్టుకున్న ఎముకే
తడిసిన గట్టులా జారిపోయింది.
ఆయన వేలు పెట్టి చూశాడు.
"గోడది తప్పు కాదు. పునాది."
నేను ఏళ్ళ తరబడి చదివింది అదే.

అయితే వినండి, గెవోండ్.
ముందు గార తీస్తాను.
మీరు గోడకి పూసేది కాదు,
మీ ఉమ్మి ఇన్నేళ్ళూ పూసి ఆరబెట్టింది.
మత్తుసూది వేసి, చిగురు కిందికి దిగి
పంటివేరు నున్నబడేదాకా గీకాలి.
నాలుగుసార్లు రావాలి.
తర్వాత రెండు నెలలు ఏమీ చెయ్యకుండా ఆగుదాం,
చిగురు తనంతట తాను పంటిని
మళ్ళీ పట్టుకుంటుందేమో చూద్దాం.
చాలామందికి అక్కడితో సరి.
మీకు చాలకపోతే
చిగురుని తలుపులా తెరిచి, కడిగి, కుట్టేస్తాను.
గుంట నిటారుగా దిగినచోట ఎముకపొడి నింపొచ్చు,
అది పట్టొచ్చు, పట్టకపోవచ్చు.
ఊగేవాటిని పక్కవాటితో తీగ వేసి కట్టొచ్చు.
పుక్కిలించే మందు రెండు వారాలే,
మించితే పళ్ళు టీ రంగు తేలతాయి.
సిగరెట్టు ఉందంటే ఇదంతా దండగ.

"పోయిన ఎముక?"
చాలావరకు రాదు.
"మరి ఈ తంటా అంతా?"
ఉన్నది నిలబెట్టడానికి.

పెదాలు విప్పకుండానే నవ్వాడు.
"ముప్ఫై ఏళ్ళుగా నా పని అదే కదమ్మా.
పాతగోడకి ఎన్నాళ్ళు ఊతం పెడతావు,
కొత్తది కట్టలేవా అంటారు.
ఒక్క గోడ నిలబడి ఉంటే
వీధి ఎక్కడుండేదో తెలుస్తుంది,
అది వాళ్ళకి తెలీదు."

కింద ఎడమవైపు దవడపన్ను మాత్రం
కాపాడలేనన్నాను.
దాన్ని వేలితో ఊపి చూసుకున్నాడు,
వదులైన గుంజని ఊపినట్టు.
"తీసెయ్యి. పారెయ్యకు, నాకివ్వు."

జూన్‌లో మళ్ళీ కొలిచాను.
మూడు. మూడు. నాలుగు. నాలుగు.
ఒక్కచోట ఇంకా ఏడు. అక్కడ కొయ్యక తప్పదు.
సిగరెట్లు మానలేదు, సగం చేశాడు.
ఆ మాట తనే చెప్పాడు.

తలుపు దగ్గర ఆగి అన్నాడు:
"నల్లరాతి బడి గోడ అయిపోయింది.
ఉత్తరపు మూల, కిందినుంచి మూడో వరస,
రెండు రాళ్ళ మధ్య గారలో
నా పన్ను పెట్టాను. ఎవరితోనూ అనకు."

సాయంత్రం ఆ వీధి చుట్టే ఇంటికి వెళ్ళాను.
గార ఇంకా చల్లగా ఉంది.
ఎక్కడ పెట్టాడో తెలీలేదు.
చూపుడువేలితో ఆ అతుకు వెంట
మెల్లగా జరుపుకుంటూ పోయాను,
మూడు, మూడు, నాలుగు అనుకుంటూ.